దిగి తాగాల్సిన కాఫీ

నల్లబాతు బీరు దుకాణం,
వార్డెగెమ్.
మార్చి, 1956

చిరంజీవి ఓడీల్‌ని మేనమామ సిరీల్ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ అత్తయ్య జెర్మెన్, నా పందెం పావురాలు అందరం క్షేమం. నీ క్షేమం పేపర్లో చూసి తెలుసుకుందామంటే నీ పేరు ఎక్కడా కనపడటం లేదు.

ప్రతి సోమవారం మన సంఘం వాళ్ళు దుకాణంలో చేరతారు. మాంసం కొట్టు రెమి సైకిల్ పందేల ఫలితాలు పైకి చదువుతాడు. మొదటి పేర్లు గట్టిగా చదువుతాడు, పోనుపోను గొంతు తగ్గిస్తాడు, ఆఖరికి పేపరు మడిచేసి "ఈ వారం అచ్చులో పొరపాటు పడ్డట్టుంది" అంటాడు. ఆ పేపరువాళ్ళు మూడేళ్ళుగా పొరపాటు పడుతూనే ఉన్నారు. "ఓడీల్ అభిమాన సంఘం" అని బోర్డు రాయించి గుమ్మం మీద కొట్టించినవాణ్ణి నేను. లోపల నీ ఫోటో కూడా పెట్టాను. మొన్న కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ దాన్ని చూసి టోపీ తీసి, "పాపం, ఎప్పుడు పోయారు?" అని అడిగాడు.

సరే, అసలు సంగతి విను. మేలో జరిగే కోర్ట్రైక్ పందెం ఈసారి మన ఊరి మీదుగా వస్తోంది. ఏటా వెళ్ళే దారిలో వంతెన విప్పేశారట. అందుకని చర్చి వెనకనుంచి తిప్పి, సరిగ్గా నల్లబాతు ముందునుంచి పోనిస్తున్నారు. నేను బతికుండగా ఇలాంటిది చూస్తాననుకోలేదు.

మర్యాద ఏమిటో నీకు తెలుసు. పందెం ఎవడి ఊళ్ళోంచి పోతుందో వాణ్ణి గుంపు ముందుకి వదిలేస్తుంది. వాడు ఒక్కడూ ఊళ్ళోకొచ్చి, సైకిల్ దిగి, అయినవాళ్ళకి ముద్దుపెట్టి, ఇచ్చింది తాగి, వెనకొచ్చే గుంపులో మళ్ళీ కలుస్తాడు. అంతసేపూ ఎవడూ జోరు పెంచడు. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి. నువ్వు అందరికంటే ముందు కనపడాలంటే ఇంతకంటే తేలిక దారి లేదు. అత్తయ్య కాఫీ పెట్టి, పాలన్నం కూరిన తీపి రొట్టె కాల్చి ఉంచుతుంది. వచ్చి దిగు.

ఇట్లు,
నీ మామయ్య, సంఘం అధ్యక్షుడు,
సిరీల్

తా.క. ఫోటో చుట్టూ ఉన్న నల్లరంగు ఫ్రేము తీసేసి తెల్లది వేశాను. పోస్ట్‌మాన్ తప్పేం లేదు.

*

గెంట్,
మార్చి నెలాఖరు

పూజ్యులైన సిరీల్ మామయ్యకి ఓడీల్ నమస్కరించి రాయునది. నేను క్షేమం. నా కాళ్ళు క్షేమం. నా ఊపిరితిత్తులు మాత్రం మిల్లువాళ్ళవి. పగలంతా దూది పీలుస్తున్నాను.

చలికాలం పొడుగునా ఇక్కడ గిన్నెలా వాలుగా కట్టిన ట్రాక్ మీద జంట పందేలు తొక్కాను. గాస్టన్ నా జత. నీకు తెలిసిందేగా, ఒకడు కింద ప్రాణం పెట్టి తొక్కుతుంటే రెండోవాడు పైన కటకటాల వారన మెల్లగా తిరుగుతూ ఊపిరి తీసుకుంటాడు. కిందవాడు వచ్చి వాడి చెయ్యి పట్టుకుని ముందుకి విసిరితే అప్పుడు వాడి వంతు. చివరి పందెంలో నేను చచ్చీచెడీ మొదటి జంటని అందుకున్నాను. చెయ్యి చాస్తే గాస్టన్ చెయ్యి ఖాళీగా లేదు. సాసేజి పట్టుకుని ఉన్నాడు. పై వరసలోంచి ఎవరో ముసలావిడ ఇచ్చిందట. "ఇచ్చినప్పుడు కాదంటే బాధపడతారు ఓడీల్" అన్నాడు, నోటినిండా పెట్టుకుని. అలాంటివాడితో తొక్కి నా పేరు పేపర్లో పడాలంటే ఎలా మామయ్యా?

ఇప్పుడు చెప్పబోయేది రెమికి చెప్పకు. తెల్లగంట చికోరీ కంపెనీవాళ్ళు జీతం ఇచ్చి ఒక జట్టుని నడుపుతున్నారు. అందులో ఒక్క చోటు ఖాళీ ఉంది. ఆ జట్టు మేనేజరు ట్రాక్ దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. "కోర్ట్రైక్ పందేనికి మా యజమాని వెర్‌హాగె గారు స్వయంగా వస్తున్నారు. ఆయన కంట్లో పడు. చోటు నీదే" అన్నాడు. అంటే గెలవాలి. నాకు ముప్ఫై దగ్గర పడుతోంది. ఈసారి దొరక్కపోతే ఇక ఎవడూ పిలవడు, రిటైరయ్యేదాకా ఆ మిల్లు షెడ్డులో దగ్గుతూ కూర్చోవలసిందే.

అందుకని దిగడం కుదరదు. నల్లబాతు ముందునుంచి గుంపు మధ్యలో దూరిపోతాను, మీరంతా చెయ్యి ఊపండి. అత్తయ్యని శ్రమపడొద్దని చెప్పు.

ఇట్లు,
నీ మేనల్లుడు ఓడీల్

తా.క. తెల్ల ఫ్రేము బాగానే ఉంటుంది. కొవ్వొత్తి కూడా తీసేశావా?

*

వార్డెగెమ్,
ఏప్రిల్

చిరంజీవి ఓడీల్‌ని సిరీల్ ఆశీర్వదించి రాయునది. అందరం క్షేమం. అత్తయ్య నీ ఉత్తరం చదివి కొవ్వొత్తి తీసేసింది.

నువ్వు రాసిన చికోరీ సంగతి అర్థమైంది. అందుకే చెబుతున్నాను, దిగు. కారణం అడక్కు. నేనొక పెద్దమనిషికి మాట ఇచ్చాను, నోరు విప్పకూడదు. నీ మేలుకోరి చెప్పేవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే మిగిలాను. దిగమంటే దిగు. ఆ చోటు నీకు కావాలా వద్దా? కావాలంటే నల్లబాతు ముందు సైకిల్ దిగి, కప్పు ఖాళీ అయ్యేదాకా కాఫీ తాగు. గెలుపు సంగతి తరవాత చూసుకోవచ్చు, నువ్వు ఇన్నేళ్ళూ చూసుకున్నట్టే.

ఊరంతా తయారవుతోంది. రెమి ఇంటి ముందు రోడ్డు మీద నీ పేరు సున్నంతో రాశాడు. అక్షరాలు మరీ పెద్దవి కావడంతో చివరి అక్షరానికి చోటు చాలక గోడ మీదికి ఎక్కించాడు. బ్యాండువాళ్ళు ఒకే పాట నేర్చుకున్నారు, నువ్వు త్వరగా తాగితే అది సరిపోతుంది.

ఇట్లు,
నీ మంచి కోరే మామయ్య,
సిరీల్

తా.క. పొద్దున్నే గడ్డం గీసుకో. తాగేటప్పుడు ఎడమ బుగ్గ రోడ్డు వైపు పెట్టు, కుడి బుగ్గ మీద నీకు పుట్టుమచ్చ ఉంది. బాగుందన్నట్టు నవ్వు. ముఖం మాడ్చుకుని తాగితే నేనెందుకూ పనికిరాను, నువ్వూ పనికిరావు.

*

గెంట్,
ఏప్రిల్ చివర

మామయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం అందింది. ఇక ఊరుకోలేను. గడ్డం, బుగ్గ, నవ్వు. అర్థమైంది. నీ దుకాణం గోడకి కొత్త ఫోటో కావాలి. ఫోటో చూసి జనం వస్తారు, బీరు తాగుతారు. ఆ పెద్దమనిషెవరో కూడా నాకు తెలుసు, నీకు పీపాలు పంపే బీరు కంపెనీ ఏజెంటు. నా బతుకు ఒక్క ఆదివారం మీద ఆధారపడి ఉంటే నువ్వు నా కాళ్ళ మీద బీరు అమ్ముకోవాలని చూస్తున్నావు. పైగా నా మేలుకోసమంటావు.

ఊళ్ళో ఆ రోడ్డు మీద నా పేరెందుకు మామయ్యా? నేను గెలిచాక రాసుకోండి. గెలవకముందు రాస్తే నవ్వులపాలవుతాం, అందులోనూ చివరి అక్షరం గోడెక్కిందంటున్నావు. సంఘం పెట్టమని నేను అడిగానా? బోర్డు నేను కొట్టించమన్నానా? ప్రతి సోమవారం రెమి గొంతు ఎక్కడ తగ్గిందో నాకెందుకు రాస్తావు? నాకు తెలియదనా?

కాఫీ అంటున్నావు. అత్తయ్య పెట్టేది కాఫీయా? మాడిన చికోరీలో కాఫీగింజ వాసన చూపిస్తుంది. చిన్నప్పుడు మర్యాదకి తాగాను. ఇప్పుడు దానికోసం బ్రేకు కూడా నొక్కను.

నేను దిగను. ఇదే నా చివరి మాట.

ఓడీల్

తా.క. అత్తయ్యకి కాఫీ ముక్క చదివి వినిపించకు.

*

వార్డెగెమ్,
మే

మహారాజశ్రీ ఓడీల్ గారికి నల్లబాతు దుకాణదారు సిరీల్ నమస్కరించి వ్రాయునది.

తమరి ఉత్తరం అందింది. తమరు తీరిక చేసుకుని మా దుకాణం గురించి ఇంత వివరంగా రాసినందుకు మా సంఘం కృతజ్ఞతలు. సంఘంలో ఎవరికీ చూపలేదు. కాఫీ గురించి తమరు రాసింది వంటింట్లో ఒకరు ఉత్తరం విప్పగానే నా భుజం మీదుగా చదివేశారు. వారు వెంటనే కుండ తోమడం మొదలుపెట్టారు, ఇంకా తోముతూనే ఉన్నారు.

తమరికి ఒక సంగతి చెబుదామని నిన్న కలం తీశాను. తమరి ఉత్తరం వచ్చాక మళ్ళీ పెట్టేశాను. తమరు అన్నీ తెలిసినవారు.

కాఫీ ఎలాగూ పెడతాం. తాగేవాళ్ళు తాగుతారు.

ఇట్లు,
తమ విధేయుడు,
సిరీల్

తా.క. నా పావురాన్ని స్పెయిన్ సరిహద్దులో వదిలినా ఇంటికొచ్చి వాలుతుంది. దాని పేరున నేను సంఘం కూడా పెట్టలేదు.

*

గెంట్,
మే, పందెం అయిన మర్నాడు

ప్రియమైన మామయ్యకి నీ విజేత ఓడీల్ నమస్కరించి రాయునది.

గెలిచాను మామయ్యా. రెమిని ఈ సోమవారం గట్టిగా చదవమను, మొదటి పేరే. ఇంకో సంగతి చెబితే నీ కోపం పోతుంది. గెలుపు నీ సలహా వల్లే వచ్చింది.

ఏమైందంటే, వార్డెగెమ్ చేరేసరికి నేను గుంపు తోకన వేలాడుతున్నాను. రాళ్ళు పరిచిన రోడ్డు మీద ఒళ్ళు హూనమైంది. అప్పుడు ఆల్ఫోన్స్ వెనక్కి చూశాడు. ఆయన మా గుంపుకి పెద్ద, ఆయన అవునంటే అందరూ అవునంటారు. "ఇది నీ ఊరే కదరా, పోయి మీవాళ్ళని పలకరించి రా" అన్నాడు. అంతా జోరు తగ్గించారు. ఒకడైతే జేబులోంచి రొట్టె తీసి విప్పుకున్నాడు. గాస్టన్ వెనకనుంచి "నాకు కూడా పాలన్నం రొట్టె ముక్క ఉంచమను" అని అరిచాడు.

నేను ముందుకొచ్చాను. చర్చి మలుపు తిరిగి వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీ. ముందు ఖాళీ, వెనక ఖాళీ. జన్మలో అంత ఖాళీ రోడ్డు నాకెవరూ ఇవ్వలేదు. అప్పుడు తట్టింది మామయ్యా. దిగితేనే కదా మళ్ళీ గుంపులో కలవాలి.

నిన్ను చూశాను. రోడ్డు మధ్యలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డావు. నీ చంక కిందనుంచి దూరిపోయాను, క్షమించు. ఏదో అరిచావు, గాలికి వినపడలేదు. అత్తయ్య చేతిలో కప్పు కనపడింది. బ్యాండువాళ్ళు అప్పుడే ఊదబోతున్నారు.

గుంపుకి సంగతి అర్థమయ్యేసరికి నేను చేల రోడ్డెక్కేశాను. వెనకనుంచి తిట్లు వినపడుతూనే ఉన్నాయి, కానీ తిడుతూ తొక్కితే ఊపిరి నిలవదు కదా. గీత దాటేసరికి కనుచూపుమేరలో ఎవరూ లేరు. కోర్ట్రైక్ జనం పెద్దగా చప్పట్లు కొట్టలేదు. నాలాంటివాడు గెలిచాడని నివ్వెరపోయి ఉంటారు. ఆల్ఫోన్స్ వచ్చి నా ముందు చక్రం పక్కన ఉమ్మేసి వెళ్ళాడు. ఓడినవాడి బాధ నాకంటే ఎవరికి తెలుసు.

రద్దీలో వెర్‌హాగె గారు కనపడలేదు. ఆయన కబురు కోసం చూస్తున్నాను. మిల్లులో ఫోర్‌మన్‌కి ఇప్పుడే చెప్పేశాను, ఈ నెలతో సరి అని.

ఇట్లు,
ఓడీల్

తా.క. నీ పక్కన టోపీ పెట్టుకుని రోడ్డు మీదికి పొట్ట తోసుకొచ్చిన లావాటాయన ఎవరు? వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. పందెం జరిగేటప్పుడు తప్పుకు నిలబడమని చెప్పు అలాంటివాళ్ళకి.

*

గెంట్ ఆసుపత్రి,
నవంబరు

మామయ్యకి ఓడీల్ నమస్కరించి రాయునది. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఎడంచేత్తో రాస్తున్నాను. కుడివైపు భుజం ఎముక విరిగింది.

మే తరవాత నువ్వొక్క ముక్క రాయలేదు. చికోరీవాళ్ళూ రాయలేదు. ఫోర్‌మన్ దగ్గరికి తిరిగి వెళ్ళి బతిమాలుకుంటే రాత్రి షిఫ్టులో వేశాడు, అక్కడ దూది ఇంకా ఎక్కువ.

వేసవంతా ఊరూరా తిరునాళ్ళ పందేలు తొక్కాను. నేను ముందుకి పోతే గుంపు గుంపంతా వెంటపడుతుంది. వేరేవాడు పోతే ఎవడూ కదలడు, నా ముఖం చూస్తారు. చక్రం పగిలితే ఎవడూ చక్రం ఇవ్వడు. మంచినీళ్ళు అడిగితే ఆల్ఫోన్స్ నా ముందే సీసా బోర్లించి రోడ్డు మీద పోశాడు. "మీ ఊళ్ళో కాఫీ ఉంది, తాగి రా" అన్నాడు. అందరూ నవ్వారు.

చలికాలం ట్రాక్ మీద జత దొరకలేదు. నిర్వాహకులు ఎవడో పాలవాణ్ణి పట్టుకొచ్చి నాతో కలిపారు. మొన్న జంట పందెంలో నా చుట్టు పూర్తిచేసి వచ్చి చెయ్యి చాచాను. పాలవాడు నా చెయ్యి చూశాడు, పక్కవాళ్ళ ముఖాలు చూశాడు, తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను చాచిన చెయ్యి చాచినట్టే కటకటాల మీదికి పోయాను.

ఇవన్నీ ఓర్చుకున్నాను. నిన్న గాస్టన్ చూడటానికొచ్చాడు. ఒంటి మీద తెల్లగంట జెర్సీ. "అది నీకెలా వచ్చిందిరా?" అంటే, "నేనేం చెయ్యలేదు ఓడీల్, కాఫీ తాగానంతే" అన్నాడు. నర్సు బల్ల మీద చికోరీ ప్యాకెట్ పెట్టింది. దాని మీద గాస్టన్ బొమ్మ, చేతిలో కప్పు, నోరంతా నవ్వు. వాడి నెత్తి మీద నల్లబాతు గుమ్మం, నా పేరున్న బోర్డు.

ఏం జరిగింది మామయ్యా? తిట్టినా సరే, రాయి.

ఓడీల్

తా.క. గాస్టన్ సాసేజి తెచ్చాడు. నాకు పెట్టాక సగం వాడే తిన్నాడు.

*

వార్డెగెమ్,
డిసెంబరు

చిరంజీవి ఓడీల్‌ని మామయ్య సిరీల్ ఆశీర్వదించి రాయునది. మేం క్షేమం. నీ భుజం సంగతి విని అత్తయ్య ఏడ్చింది. తరవాత నీ కాఫీ ఉత్తరం గుర్తొచ్చి మానేసింది.

అడిగావు కనక చెబుతున్నాను. నల్లబాతు ముందు నువ్వు వెంట్రుకవాసిలో తప్పించుకున్న ఆ లావాటాయనే వెర్‌హాగె గారు.

మార్చి చివర్లో వచ్చాడు. ఆయనకి గెలిచేవాడు అక్కర్లేదురా. "గెలిచేవాళ్ళు నా దగ్గర ఉన్నారు. వాళ్ళని చూసి ఆడవాళ్ళు చికోరీ కొనరు. సొంత ఊళ్ళో దిగి, అత్త చేతి కప్పు అందుకుని, ఆఖరి చుక్క దాకా తాగే కుర్రాడు కావాలి. ఆ ఫోటో ప్రతి ప్యాకెట్ మీదా వేస్తాను. ఆ కుర్రాణ్ణి జట్టులో పెట్టుకుంటాను" అన్నాడు. ఆ జట్టు మేనేజరు నీ పేరు చెబితేనే మన ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. "వాడికి ముందే చెప్పకండి, చెబితే పెళ్ళికొడుకులా బిగుసుకుపోతాడు" అన్నాడు. మాట ఇచ్చాను. అయినా ఉండబట్టలేక ఎన్ని రకాలుగా చెప్పానో నీ దగ్గరున్న ఉత్తరాలు చూసుకో. మాట తప్పి అంతా రాసేద్దామని కలం తీసిన రోజునే నీ మాడిన చికోరీ ఉత్తరం వచ్చింది. నాకు మండింది. పోనీలే పొగరుబోతు, అనుకున్నాను. రాసి ఉండాల్సింది. రాయలేదు. నువ్వెంతో నేనూ అంతే, ఒకే ఇంట్లో పుట్టాం.

రోడ్డు మధ్యలో నేను అరిచింది నీకు వినపడలేదన్నావు. "ఈయనేరా యజమాని" అని అరిచాను.

నువ్వు పోయాక ఊరు ఊరంతా నువ్వు పోయిన వైపే చూస్తూ నిలబడిపోయింది. గుంపు వచ్చి తిట్టుకుంటూ వెళ్ళింది. అత్తయ్య కప్పు పట్టుకుని అలాగే ఉంది. అందరూ పోయాక చిట్టచివర గాస్టన్ వచ్చాడు, రొప్పుకుంటూ. అత్తయ్యని చూసి దిగాడు. "ఇది ఓడీల్ కోసం పెట్టింది నాయనా" అంటే, "చల్లారిపోతుంది కదండీ" అని తాగేశాడు. ఇంకోటి ఉందా అన్నాడు. మూడోది తాగుతుంటే వెర్‌హాగె గారు వెంట తెచ్చిన కెమెరావాడికి ఒళ్ళు తెలిసి ఫోటో తీశాడు. పందెం మిగతా సగం గాస్టన్ వెర్‌హాగె గారి కారులో పూర్తిచేశాడు, ఒళ్ళో పాలన్నం రొట్టె పెట్టుకుని.

దుకాణం బాగా నడుస్తోంది. ప్యాకెట్ మీది గుమ్మం చూడాలని ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు. బోర్డు తీసేద్దామనుకున్నాను, వెర్‌హాగె గారు ఒప్పుకోలేదు. బొమ్మలో ఉన్నట్టే ఉండాలట. అందుకని నీ పేరు గుమ్మం మీదే ఉంది. కింద గాస్టన్ ముఖం, పైన నీ పేరు. జనం రెండూ కలిపి చదువుకున్నారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇప్పుడు వాణ్ణి ఓడీల్ అంటున్నాయి. వీధిలో కనపడితే "ఓడీల్, ఓడీల్" అని చుట్టూ మూగుతారు. వాడు కాదనడు. ఇచ్చినప్పుడు కాదంటే బాధపడతారట.

ఇట్లు,
మామయ్య,
సిరీల్

తా.క. కెమెరావాడు నువ్వు పోయేటప్పుడు కూడా ఒకటి తీశాడు. ఒక చారా, దాని వెనక నా చంకా తప్ప ఏమీ పడలేదు. పనికిరాదని నాకిచ్చేశారు. తెల్ల ఫ్రేములో అదే పెట్టాను. ఇదెవరని అడుగుతారు. ఆ రోజు పందెం గెలిచినవాడు అంటాను. పేరేంటి అంటారు. ఓడీల్ అంటే నమ్మరు, ఓడీల్‌ని వాళ్ళు చూశారు కదా. భుజం అతుక్కున్నాక ఒకసారి రా. అత్తయ్య కాఫీ పెడుతుంది, చికోరీ ఇప్పుడు మాకు ఊరికే వస్తోంది. బస్సులో రా.